పాథోఫిజియాలజీ చదివేటోళ్లకి: ఏ ముక్క మిగిలిపోయిందో చూడండి

సెకండ్ ఇయర్ జూనియర్లు ఈ మధ్య వాట్సాప్‌లో ఒకటే పోరు. అక్కా పాథోఫిజియాలజీ (జబ్బు వస్తే ఒంట్లో ఏది ఎట్లా చెడుతుందో చెప్పే చదువు) ఎట్లా చదవాలి, రూమ్‌లో చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటాది, వార్డులో పేషెంట్ ముందు నిలబడితే ఒక్క ముక్క గుర్తు రాదు అని. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక నాకు లేదు, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. నేనేం టాపర్‌ని కాదు, గోల్డ్ మెడల్ కథలు నా దగ్గర లేవు. కర్నూలు ఎండల్లో మెడిసిన్ వార్డులో చెమటలు కక్కుకుంటా నిలబడి నేర్చుకుంది కొంత, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటూ పీజీ అక్కలు నైట్ డ్యూటీ కేసులు మాట్లాడుకుంటుంటే చెవులు రిక్కించి విన్నది కొంత.

అసలు గొడవ ఎక్కడంటే ఇంటర్ నుంచి మనకి అలవాటైందే బిట్లు. నీట్ కూడా బిట్లే. కాళ్ల వాపుకి కారణాలు చెప్పమంటే గుండె, కిడ్నీ, లివర్, థైరాయిడ్, ప్రోటీన్ తక్కువ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం, మార్కులు కూడా పడతాయి. సరే, ఇప్పుడు ఆలూరు నుంచి వచ్చిన ఒక పెద్దామె మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చునింది, వేలితో నొక్కితే గుంట పడుతోంది, ఆ ఐదిట్లో ఏది? లిస్టు అక్కడ ఏమీ చెప్పదు. అయినా లిస్టులు ఇప్పుడు ఎవరికి కావాలి, ఫోన్లో అడిగితే ఇరవై కారణాలు క్షణంలో పడేస్తుంది, అందులో ఈ పెద్దామెకి ఏది అనేది మనం తేల్చాల్సిందే కదా.

తేల్చడానికి ఒకటే దారి ఉంది, వెనక్కి పోవడం. కాళ్లలోకి నీళ్లు ఎట్లా వచ్చినాయి? దీన్ని 1896లోనే ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లండ్ ఫిజియాలజిస్ట్ వివరించినాడు. సన్న రక్తనాళంలో ఉండే ఒత్తిడి నీళ్లను బయటికి తోస్తుంది, రక్తంలో ఉన్న ప్రోటీన్, ముఖ్యంగా అల్బుమిన్, వాటిని లోపలే పట్టి ఉంచుతుంది. అంటే వాపు కనిపించగానే మనం వేసుకోవాల్సిన ప్రశ్నలు కొన్నే. తోసేది పెరిగిందా, పట్టి ఉంచేది తగ్గిందా, నాళం గోడ కారుతోందా, లింఫ్ (కణాల మధ్య మిగిలిన నీళ్లు) పోయే దారి మూసుకుపోయిందా. ఫస్ట్ ఇయర్ ఫిజియాలజీలో అందరం చదివినాం ఇది, బొమ్మ కూడా గీసినాం, ఇంటర్నల్స్ అయిపోగానే వదిలేసినాం.

గుండె కుడిపక్క సరిగ్గా పని చేయకపోతే రక్తం వెనక్కి నిలబడిపోతుంది. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) పక్కన పొలాలున్నోళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు, కింద షట్టర్ దించితే పైన నీళ్లు ఎగదన్ని గట్టు కింద నుంచి చేన్లోకి ఊరుతాయి, చేన్లో తప్పేం లేదు, గట్టుదీ తప్పు లేదు, అంతా ఆ షట్టర్ దగ్గర ఉంది. కాళ్లు, లివర్, మెడలో నరం (అంటే గుండెకి రక్తం తెచ్చే జుగులర్ వెయిన్) అన్నీ షట్టర్‌కి పైనున్న కాలువే. దానికి తోడు కిడ్నీకి రక్తం సరిగ్గా అందక అది ఉప్పునీ నీటినీ పట్టేసుకుంటుంది, వాపు ఇంకా పెరుగుతుంది. పగలంతా నిలబడి తిరిగితే నీళ్లు కిందికి దిగుతాయి కాబట్టి సాయంత్రానికి కాళ్లు ఎక్కువ ఉబ్బుతాయి. ఎడమపక్క దెబ్బ తింటే ఆ ఊట ఊపిరితిత్తుల్లోకి, అందుకే పడుకుంటే దమ్ము, రెండు మూడు దిండ్లు, అర్ధరాత్రి లేచి కూర్చోవడం.

కిడ్నీ సంగతి వేరే. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో పెద్దోళ్లకి రోజుకి 3.5 గ్రాములకి పైనే ప్రోటీన్ మూత్రంలో పోతుంది, అల్బుమిన్ పడిపోతుంది, పట్టి ఉంచేది లేదు కాబట్టి నీళ్లు ఒళ్లంతా చేరతాయి, కండ్ల చుట్టూ చర్మం వదులు కాబట్టి రాత్రంతా పడుకుని లేచేసరికి మొహం ఉబ్బి ఉంటుంది. లివర్‌లో అయితే అల్బుమిన్ తయారీయే తక్కువ, పైగా పోర్టల్ వెయిన్‌లో (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే నాళం) ఒత్తిడి, అందుకే మామూలుగా పొట్ట ముందు, కాళ్లు తర్వాత.

ఇంత అర్థమైతే ప్రశ్నలు ఎవరూ డిక్టేట్ చేయక్కర్లేదు. వాపు యాడ మొదలైంది అమ్మా, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, దిండు లేకుండా పడుకోగలవా, మూత్రం నురగ వస్తాందా. ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో మెకానిజం ఉంది, జవాబు ఏదైనా నీ చేతిలో ఉన్న అనుమానాల్లో ఒకటి బలపడుతుంది, ఇంకొకటి పల్చబడుతుంది. జవాబు ఏదొచ్చినా నీ ఆలోచన మారదు అంటే ఆ ప్రశ్న అడిగి పేషెంట్ టైమ్ తినొద్దు. (కేసు రాసే ప్రొఫార్మాలో ఉంది కాబట్టి అడగాల్సిందే అనే సార్లు ఉంటారు, ఎగ్జామ్‌లో వాళ్ల మాటే వినండి, నన్ను ఇరికించొద్దు.)

ఇప్పుడు అసలు కేసుకి వస్తా. వివరాలు కొన్ని మార్చి చెప్తున్నా. యాభై దాటిన రైతు, పొట్ట బాగా పెరిగి బొడ్డు బయటికొచ్చింది, చేతులు సన్నబడిపోయినాయి, కాళ్ల వాపు మాత్రం రొంతే. చేతిలో ఉన్న రెఫరల్ చీటీ మీద క్రానిక్ లివర్ డిసీజ్, పక్కనే ఆల్కహాల్ అని రాసుంది. ఇంక అంతే, వార్డులో అందరికీ ఆయన లివర్ పేషెంటే. మా చిన్నోడు బడికి పోయేటప్పుడే మానేసినా మేడమ్, ఇప్పుడు వాడికి పెండ్లి కూడా అయిపోయె అని ఆయన చెప్తానే ఉన్నాడు, పక్కన భార్య కూడా నిజమే తల్లీ అంటాంది, తాగేటోళ్లంతా అదే మాట చెప్తారులే అన్నట్టు ఒక నవ్వు నవ్వి పక్క బెడ్‌కి పోతాండారు అందరూ.

ఆ రోజు డ్యూటీలో ఉన్న పీజీ అక్క మాత్రం నన్ను పిలిచి, మెడ చూసినావా అనింది. మంచం తలవైపు 45 డిగ్రీలు ఎత్తి, తల రొంత ఎడమకి తిప్పించి, టార్చ్ పక్క నుంచి వేసి చూస్తాం కదా, అట్లా చూస్తే ఏమీ కనిపించలేదు. లేదక్కా అన్నా. లేదా, లేక నువ్వు చూసే చోటికి పైన ఉందా అనింది. పెద్దాయనా ఓసారి లేచి నిటారుగా కూర్చో అని కూర్చోబెట్టింది. అప్పుడు కనిపించింది, చెవి తమ్మె దగ్గర్లో సన్నగా కొట్టుకుంటా ఉంది నరం. ఒత్తిడి ఎంత ఎక్కువంటే 45 డిగ్రీల్లో దాని పై అంచు దవడ వెనక దాక్కునింది. గట్టిగా గాలి పీల్చు నాయనా అంటే, మామూలుగా పీల్చినప్పుడు కిందికి దిగాల్సింది ఇంకా పైకెక్కింది.

తర్వాత అక్క అడిగిన ప్రశ్న ఈ పోస్టుకి మూలం. లివర్ పాడైతే మెడలో నరం ఎందుకు ఉబ్బుతుంది, దారి చెప్పు అనింది. ఆలోచించండి మీరు కూడా. అడ్డం లివర్‌లో ఉంటే ఒత్తిడి దానికి వెనక, పేగుల వైపు, స్ప్లీన్ వైపు పెరగాలి. మెడ నుంచి వచ్చే రక్తం లివర్ గుండా పోదు కదా, నేరుగా గుండెకే పోతుంది. అంటే పొట్టలో నీళ్లకి లివర్ సరిపోతుంది, కాళ్ల వాపుకి సరిపోతుంది, ఒళ్లు సన్నబడటానికీ సరిపోతుంది, ఈ మెడనరం ఒక్కటే లెక్కలో కూర్చోదు. మిగతా మూడూ కుదిరినాయి కదా అని ఈ ఒక్కదాన్ని వదిలేస్తే దాన్నే ప్రీమెచ్యూర్ క్లోజర్ అంటారు, మొదట విన్న పేరుకే అంటుకుపోవడాన్ని యాంకరింగ్ అంటారు, పేర్లు ఏవైతేనేం, ఇక్కడ రెండూ ఆ రెఫరల్ చీటీ దగ్గరే మొదలైనాయి.

మళ్లీ హిస్టరీ తీసినాం. చాన్నాళ్ల కింద టీబీ అని ఆరు నెలలు మందులు వాడినాడంట, నయమైపోయింది కదా అని ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఎక్స్‌రే పక్క నుంచి తీస్తే గుండె అంచు వెంబడి తెల్లగా క్యాల్షియం గీత. కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్. గుండె చుట్టూ ఉండే పొర గట్టిపడి బిగుసుకుపోయింది, గుండె కొట్టడంలో పెద్ద లోపం లేదు, నిండడానికే చోటు లేదు. మన దేశంలో దీనికి పెద్ద కారణం టీబీనే. ఇందులో కాళ్ల వాపు కన్నా పొట్టలో నీళ్లే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి లివర్ అని పొరబడటం మామూలే. ఎకో అయింది, సీటీ అయింది, ఆయన్ని గుండె ఆపరేషన్ చేసేటోళ్ల దగ్గరికి పంపించినారు.

పొట్టలోంచి తీసిన నీళ్ల రిపోర్టు కూడా అదే మాట చెప్పింది, ఇది నాకు భలే నచ్చిన ముక్క కాబట్టి రొంత ఆగి చెప్తా. రక్తంలో అల్బుమిన్ నుంచి ఆ నీళ్లలో అల్బుమిన్ తీసేస్తే వచ్చేదాన్ని సాగ్ అంటారు, అది డెసీలీటరుకి 1.1 గ్రాములు లేదా ఆపైన ఉంటే పోర్టల్ వైపు ఒత్తిడి ఉన్నట్టు. లివర్ సిరోసిస్‌లోనూ పైనే, గుండె వల్ల వచ్చినా పైనే. మరి తేడా ఎట్లా? నీళ్లలో మొత్తం ప్రోటీన్ చూడాలి. మామూలు లివర్‌లో సైనుసాయిడ్ (లివర్ లోపలి సన్న రక్తనాళాలు) గోడలకి పెద్ద పెద్ద సందులుంటాయి, ప్రోటీన్ కూడా దాంట్లోంచి కారిపోతుంది. గుండె వల్ల ఒత్తిడి వెనక్కి తన్నినప్పుడు ఆ సందులు ఇంకా తెరిచే ఉంటాయి కాబట్టి పొట్టలోకి ఊరే నీళ్లలో ప్రోటీన్ డెసీలీటరుకి 2.5 గ్రాములకి పైన ఉంటుంది. సిరోసిస్‌లో ఆ సందులు మచ్చ కట్టి పూడిపోతాయి, నీళ్లు వస్తాయి, ప్రోటీన్ తక్కువ వస్తుంది. ఈ 2.5 అనే అంకె నేను ఎన్నిసార్లు బట్టీ కొట్టినా ఏది పైన ఏది కింద అని తారుమారయ్యేది, ఆ సందులు తెలిసినాక ఇంక కాలేదు.

ఇంకో తమాషా. గాలి పీల్చినప్పుడు మెడనరం పైకెక్కడాన్ని కుస్‌మాల్ సైన్ అంటారు, జర్మనీ డాక్టర్ అడాల్ఫ్ కుస్‌మాల్ 1873లో రాసినాడు. ఆ మరుసటి ఏడాదే, 1874లో, షుగర్ ముదిరి స్పృహ తప్పేటోళ్లలో లోతుగా వచ్చే శ్వాస గురించి రాసినాడు, దాన్ని కుస్‌మాల్ బ్రీతింగ్ అంటాం. వైవాలో ఈ రెండిటినీ కలిపి అల్లరి పెట్టే ఎగ్జామినర్లు ఉంటారు, జాగ్రత్త.

ఆ రెండోది కూడా మా వార్డులోనే చూసినా. ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, వయసు ముప్పై లోపే, దమ్ము దమ్ము అని తీసుకొచ్చినారు, దారిలో యాడనో ఆస్తమా అని నెబ్యులైజర్ కూడా పెట్టించినారంట. స్టెతస్కోప్ పెడితే ఛాతీ శుభ్రంగా ఉంది, పిల్లికూతల్లేవు, ఊపిరి మాత్రం బావిలోంచి లాగినట్టు లోతుగా, ఆగకుండా. మళ్లీ అదే ప్రశ్న, ఆస్తమా అయితే గాలి బయటికి పోవడానికి కష్టపడాలి కదా, ఈమెకి గాలి హాయిగా పోతాంది, వస్తాంది, మరి ఎందుకు ఇంత పీలుస్తాంది? ఊపిరితిత్తుల్లో జబ్బు లేకుండా ఊపిరి పెరిగిందంటే ఒంట్లో ఇంకేదో దాన్ని తోలుతున్నట్టు. షుగర్ చూస్తే మిషన్ హై అని చూపించింది. జ్వరమొచ్చి నాలుగు రోజులు తిండే తినలేదు, తిననప్పుడు ఇన్సులిన్ సూది ఎందుకులే అని ఆపేసినా అనింది పాపం. వినడానికి న్యాయంగానే ఉంటుంది ఆ మాట, మన అమ్మమ్మలైనా అదే అంటారు. కానీ జ్వరంలో అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ పెరుగుతాయి, తినకపోయినా లివర్ చక్కెర పోస్తానే ఉంటుంది, ఇన్సులిన్ లేదు కాబట్టి కొవ్వు కరిగి కీటోన్లు, కీటోన్లతో రక్తంలో యాసిడ్, ఆ యాసిడ్‌ని తగ్గించుకోవడానికి కార్బన్ డయాక్సైడ్‌ని ఊది పారేయాలి, అందుకే ఆ శ్వాస. అంటే ఆ దమ్ము జబ్బు కాదు, ఒళ్లు చేసుకుంటున్న వైద్యం.

ఆమె రిపోర్టుల్లో సోడియం 132, క్లోరైడ్ 95, బైకార్బొనేట్ 8. సోడియంలోంచి మిగతా రెండూ తీసేస్తే 29, మామూలుగా 12 దగ్గర ఉండాలి, కాబట్టి యానయాన్ గ్యాప్ పెరిగిన అసిడోసిస్. బైకార్బ్ 8 ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉండాలి? ఆ బైకార్బ్‌ని ఒకటిన్నర పెట్టి గుణించి, ఇంకో 8 కలిపితే 20, రెండు అటూ ఇటూ. ఆమెకి అంతే ఉంది, లెక్క కుదిరింది. అదే 30 ఉండుంటే? అప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని కావాల్సినంత ఊదలేకపోతోందని, ఊపిరితిత్తుల్లో ఇంకో జబ్బైనా ఉందని, ఊది ఊది మనిషి అలసిపోతోందనైనా అనుమానించాలి.

పొటాషియం గురించి చెప్పకుండా వదిలితే పాపం తగులుతుంది. మొదటి రిపోర్టులో నార్మల్ వస్తుంది, ఒక్కోసారి ఎక్కువే వస్తుంది, నిజానికి ఒంట్లో మొత్తం పొటాషియం మూత్రంలో పోయి ఖాళీ అయ్యుంటుంది. ఇన్సులిన్ లేనందువల్ల కణాల్లో ఉండాల్సింది రక్తంలోకి వచ్చి కూర్చుంటుంది, అదే మనకి నార్మల్‌గా కనిపించేది. ఇన్సులిన్ ఎక్కించగానే అదంతా మళ్లీ కణాల్లోకి పోతుంది, రక్తంలో ధబేల్‌మని పడిపోతుంది, గుండె లయ తప్పే ప్రమాదం. అందుకే పొటాషియం మొదటే బాగా తక్కువుంటే అది ఎక్కించినాకే ఇన్సులిన్.

ఇంతా చదివి వార్డులో చూస్తే పీజీ అక్కలు, సార్లు ఇవేవీ ఆలోచిస్తున్నట్టే ఉండరు. గుమ్మంలో నుంచి చూసి డీకేఏ (డయాబెటిక్ కీటోఅసిడోసిస్, ఇందాక ఆమెకి వచ్చింది అదే) అనేస్తారు. మనకి మంట. వాళ్లకి ఇల్నెస్ స్క్రిప్టులు తయారై ఉంటాయి, ఎవరికి వస్తుంది, లోపల ఏం చెడుతుంది, బయటికి ఎట్లా కనిపిస్తుంది అని మూడూ కలిసి ఒకే ముద్దగా. మామూలు కేసుకి మెకానిజం గుర్తు చేసుకోవాల్సిన పనే లేదు వాళ్లకి. కానీ కేసు అడ్డం తిరిగినప్పుడు చూడండి, అదే సార్ పెన్ను తీసి కేస్ షీట్ వెనక బాణాలు గీయడం మొదలుపెడతాడు. మెడనరం దగ్గర అక్క చేసింది కూడా అదే కదా.

పాముకాటు గురించి ఒక్క మాట, మన సీమలో ఉండి అది లేకుండా ఎట్లా. ఎండాకాలం, ఆరుబయట నేల మీద పడుకున్న మనిషి, తెల్లారి కడుపు నొప్పి అంటాడు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, ఒంటి మీద గాటు కూడా కనిపించదు. కడుపు నొప్పి అని గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చేస్తే వాలిన రెప్ప లెక్కలోకి రాలేదు. కట్లపాము అనుకుంటే రెండూ వస్తాయి. దాని విషం నాడి (నర్వ్) చివర, కండకి కబురు పంపే చోటే పాడు చేస్తుంది కాబట్టి నియోస్టిగ్మిన్ (ఆ కబురుని బలపరిచే మందు) పెద్దగా పని చేయదు, నాగుపాముది అవతల అందుకునే చోట అడ్డం పడుతుంది కాబట్టి చేస్తుంది. ఇంక రక్తపింజరి అయితే రక్తం గడ్డ కట్టే సరుకంతా ఖర్చు చేసేస్తుంది. రెండు ఎంఎల్ రక్తం గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి వంచి చూస్తాం, గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టు. ఆ ట్యూబు గాజుదే కావాలి, కడగని కొత్తది, పొడిది, ఎందుకంటే గడ్డ కట్టడం మొదలయ్యేదే గాజు తగిలి. ప్లాస్టిక్‌లో పోస్తే బాగున్నోడి రక్తం కూడా కట్టకపోవచ్చు. ఈ ఎందుకు తెలిసినోళ్లు ట్యూబు విషయంలో ఎప్పుడూ సర్దుకుపోరు, తెలియనోళ్లు ఏదో ఒకటిలే అంటారు.

మరి రోజూ ఏం చేయాలంటారా. నేను చేసేది చెప్తా, మీకు పడితే చేయండి. ఒక లాంగ్ నోట్‌బుక్. వార్డులో కేసు దొరికితే రెఫరల్ చీటీ, రిపోర్టులు చూడకుండా ముందు పేషెంట్‌తో మాట్లాడాలి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయాలి. తర్వాత ఒక్కో ఫిర్యాదు నుంచి వెనక్కి బాణాలు, ఎట్లా, ఎట్లా అని, ఇంక పోలేను అనేదాకా. ఎక్కడ ఆగిపోయినామో అదే ఆ రాత్రి చదవాల్సింది, మొత్తం చాప్టర్ కాదు. అనుకున్న జబ్బు పేరు కింద రెండు గీతలు గీసి ఒకవైపు అది వివరించేవి, రెండోవైపు వివరించలేనివి. రెండోవైపు ఖాళీగా ఉంటే ఇంకోసారి పేషెంట్ దగ్గరికి పోయి చూడండి, ఎక్కువసార్లు మనం వెతకలేదని అర్థం. ఒక్కోసారి రెండు జబ్బులు కలిసి కూడా ఉంటాయి, పెద్ద వయసోళ్లలో మరీ, కాబట్టి మిగిలిన ముక్క కనపడగానే మొదటి జబ్బు తప్పు అని ఎగరకండి.

పక్కన ఒక వాదించే ఫ్రెండ్ ఉంటే ఇంకా మంచిది. నా రూమ్మేట్ ప్రతిదానికీ అయితే ఏంది అంటాది, విసుగొస్తుంది, కానీ సగం బాణాలు దాని వల్లే సరైనాయి. పుస్తకాలు ఏవి అని మాత్రం అడగొద్దు, మీ సీనియర్లు ఇచ్చినవి చాలు. ఏబీజీ (ధమని రక్తంలో గ్యాసులు, యాసిడ్ చూసే పరీక్ష) గురించి విడిగా రాయమని ఇద్దరు అడిగినారు, ప్రీ ఫైనల్స్ అయినాక రాస్తా, ఈ లోపల సోడియం 118 ఉండి వాపూ లేని, నాలుక ఎండని మనిషికి ఏమై ఉంటుందో బాణాలు గీసి గ్రూపులో పెట్టండి, ఒక్క పేరు రాసి వదిలేసినోళ్లకి రిప్లై ఇవ్వను.